బడి పద్దు దగ్గరికొచ్చేసరికి...

పోయిన నెల ఈ శీర్షికకి ఒక పాఠకుడు "ఎంత తిట్టుకున్నా మనకి బళ్ళు పెట్టింది బ్రిటిష్ వాళ్ళే కదా" అని రాశారు. నేను కాస్త విసురుగా "పెట్టారు, కానీ ఆ డబ్బు మనదే, అదీ అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలింది" అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. వదిలేయకుండా ఉండాల్సింది. వచ్చిన ఉత్తరాల్లో సగం తిట్లు, సగం ప్రశ్నలు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం పాత మద్రాసు సర్కారు బడ్జెట్లకే ఇస్తున్నాను. తిట్టినవాళ్ళ ప్రశ్నలు కూడా తీసుకున్నాను లెండి.

ప్రశ్న: చదువు కోసం తెల్లవాళ్ళు మొదటిసారి డబ్బు కేటాయించింది ఎప్పుడు? మెకాలే రాకముందు అసలేమీ లేదంటారు, నిజమేనా? (డిగ్రీ విద్యార్థిని, గుంటూరు)

మెకాలేకి ముందే ఉందమ్మా. 1813లో ఈస్టిండియా కంపెనీ పాలన హక్కుని పొడిగిస్తూ బ్రిటిష్ పార్లమెంటు చేసిన చార్టర్ చట్టంలో ఏడాదికి లక్ష రూపాయలకి తగ్గకుండా చదువుల మీద ఖర్చు పెట్టాలని రాశారు. అప్పట్లో లక్ష అంటే మాటలా అనిపిస్తుంది. కానీ అది ఏ ఒక్క జిల్లాకో కాదు, కంపెనీ ఏలుబడిలో ఉన్న నేల మొత్తానికి కలిపి లక్ష. పైగా ఆ చట్టంలో ఒక మెలిక ఉంది, పాఠ్యపుస్తకాల్లో ఎందుకో దాన్ని చెప్పరు. సైన్యం ఖర్చు, సివిల్ ఖర్చు, వ్యాపారం ఖర్చు, అప్పుల మీద వడ్డీ, ఇవన్నీ పోగా ఏమైనా మిగిలితే ఆ మిగులులోంచి లక్ష ఇవ్వాలట. అంటే కేటాయింపు పుట్టిన రోజే వరస తేలిపోయింది, బడి ఆఖరి బంతిలో కూర్చుంది. రాసిన పదేళ్ళకి, 1823లో, ఆ డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో చూడమని కలకత్తాలో ఒక కమిటీ వేశారు. ఇంగ్లీషు చదువే చెప్పాలన్న మెకాలే మినిట్ (అధికారిక నోటు) ఆ తర్వాత, 1835లో.

మన వైపు కథ వేరే ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టర్లందరికీ మీ జిల్లాలో బళ్ళెన్ని, పిల్లలెందరు అని లెక్క అడిగాడు. ఆ లెక్కలన్నీ చేరి 1826లో మన్రో వాటిని కూడితే ప్రెసిడెన్సీ మొత్తంలో 12,498 బళ్ళు, 1,88,650 మంది పిల్లలు, జనాభా 1,28,50,941. అంటే దాదాపు వెయ్యి మందికి ఒక బడి, అదీ చాలావరకు సర్కారు పైసా లేకుండానే. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ పంపిన రిపోర్టు చదివితే మనసు కలుక్కుమంటుంది. ఇప్పటి అనంతపురం కూడా అప్పుడు ఆ జిల్లాలోదే. 533 బళ్ళున్నాయని, వాటిలో 226 తెలుగు బళ్ళని లెక్క ఇచ్చి, వీటిలో ఒక్కదానికి కూడా ఇప్పుడు సర్కారు నుంచి సాయం అందడం లేదని చెప్పడానికి సిగ్గుపడుతున్నానని రాశాడు. ఆ మాట అన్నది ఉద్యమకారుడు కాదు, కంపెనీ జీతం తింటున్న కలెక్టరు.

మన్రో వేసిన అంచనా కాగితం మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. తాసిల్దారీ (తాలూకా స్థాయి) బళ్ళు 300, పంతులికి నెలకి 9 రూపాయలు, అది 2,700. కలెక్టరేట్ (జిల్లా స్థాయి) బళ్ళు హిందువులకి 20, ముస్లిములకి 20, పంతులికి 15 రూపాయల చొప్పున 600. పుస్తకాలు వేసే సొసైటీకి 700. మొత్తం నెలకి 4,000, ఏడాదికి 48,000. ఒక గవర్నరు స్వయంగా కూర్చుని పంతులు జీతం దగ్గర్నుంచి లెక్క కట్టిన కాగితం అది. కానీ 1827లో ఆయన పత్తికొండలో కలరాతో పోయాడు, ఆయన అనుకున్నన్ని బళ్ళు ఎప్పటికీ తెరవలేదు, తెరిచినవి కూడా 1836లో ఎత్తేశారు.

ప్రశ్న: ట్రెజరీలో పని చేసి రిటైరయ్యాను. బడ్జెట్‌కి సిబ్బంది లెక్కలు చూపే నంబర్ స్టేట్‌మెంట్లు రాసీ రాసీ వేళ్ళు అరిగాయి. ఈ బడ్జెట్ తతంగం అసలు ఎవరు మొదలుపెట్టారు? ఏప్రిల్ నుంచి మార్చి ఎందుకు? (కాకినాడ)

మీ వేళ్ళ అరుగుదలకి కారణం జేమ్స్ విల్సన్ అనే పెద్దమనిషి. 1857 తిరుగుబాటుని అణిచేసరికి ఖజానా ఖాళీ, అప్పు తడిసి మోపెడు. లెక్కలు చక్కదిద్దమని లండన్ నుంచి ఆయన్ని పంపారు. 1860లో కలకత్తాలో మొదటి బడ్జెట్ పెట్టాడు, దానితోపాటే మొదటి ఆదాయపు పన్నూ తెచ్చాడు. ఏడాదికి 200 రూపాయలు సంపాదించేవాడి మీద కూడా పన్నే.

ఇక్కడ మన మద్రాసు తగవు ఒకటి ఉంది, చెప్పకుండా ఉండలేను. అప్పటి మద్రాసు గవర్నరు చార్లెస్ ట్రెవెలియన్‌కి ఈ పన్ను నచ్చలేదు. కొత్త పన్నులు ఎందుకు, సైన్యం ఖర్చు తగ్గించుకుంటే చాలదా అని గట్టిగా మినిట్ రాశాడు. రాసి ఫైల్లో పెడితే గొడవుండేది కాదు, ఏకంగా పేపర్లకిచ్చేశాడు! పై సర్కారు బడ్జెట్‌ని కింది గవర్నరు బజారులో ఉతికితే ఊరుకుంటారా, వెంటనే వెనక్కి పిలిపించారు. అదే ఏడాది ఆగస్టులో విల్సన్ కలకత్తాలోనే జబ్బుచేసి పోయాడు. ఇంకో రెండు మూడేళ్ళకి, పన్ను వద్దన్నందుకు ఇంటికి పోయిన ఆ ట్రెవెలియనే తిరిగి ఇండియాకి ఆర్థిక సభ్యుడిగా, అంటే విల్సన్ కూర్చున్న కుర్చీలోకే వచ్చాడు, 1865లో ఆయన హయాంలోనే ఆ పన్ను పోయింది. సీరియల్ కథ కాదు, జరిగిందే.

ఏప్రిల్ సంగతి. మొదట లెక్కల సంవత్సరం మే 1న మొదలయ్యేది. 1867 నుంచి దాన్ని ఏప్రిల్ 1కి జరిపారు, ఇంగ్లండు లెక్కలతో కలవాలని. మధ్యలో ఆ ఒక్క ఏడాది పదకొండు నెలలకే ముగిసింది. ఇంతలో ఊళ్ళో కరణం లెక్క వేరు, ఆయనకి ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, జూలై నుంచి జూన్. విల్సన్ బడ్జెట్ పెట్టిన ఏడు జూలైలో కరణం దస్త్రంలో ఫసలీ 1270 మొదలైంది. కలకత్తా వాడికి ఏప్రిల్, కరణానికి జూలై. రెంటికీ మధ్య నలిగినవాడు తాలూకా కచేరీ గుమాస్తా, అంటే మీ పూర్వీకుడే.

ఇంకొక్క మాట. 1833 చార్టర్ చట్టం వచ్చాక మద్రాసు గవర్నరుకి కలకత్తా అనుమతి లేకుండా ఒక్క కొత్త పోస్టు వేసే అధికారం, ఒక్క కొత్త జీతం ఇచ్చే అధికారం లేదు. రాబడి వసూలు చేసేది మద్రాసు, దాని మీద పెత్తనం కలకత్తాది. దాంతో రాష్ట్రాలకి పొదుపు చెయ్యాల్సిన అవసరమే లేకుండా పోయింది. మిగిల్చినా కలకత్తాకే పోతుంది, అలాంటప్పుడు ఎక్కువ అడిగి లాక్కున్నవాడిదే రాజ్యం. అప్పటి ఒక పెద్ద ఆఫీసరే ఇది డబ్బు పంపకం కాదు, పెనుగులాట, గట్టిగా అరిచినవాడికే వాటా అన్నాడు. బడి పంతులు గట్టిగా అరవలేడు కదా.

ప్రశ్న: నరసాపురం వైపు రైతులే బళ్ళ కోసం తమ మీద తామే పన్ను వేసుకున్నారని మా తాత చెప్పేవాడు. కోతలేమో అనుకునేవాణ్ణి. (రైతు, పశ్చిమ గోదావరి)

కోతలు కాదు సార్, తాతగారు చెప్పింది నిజం. చరిత్రలో వాటికి 'రేటు బళ్ళు' అని పేరు కూడా ఉంది, రేటు అంటే ఊరి పన్ను.

ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. డెల్టాకి నీళ్ళొచ్చాయి, చేతిలో నాలుగు డబ్బులు ఆడడం మొదలైంది. ఆ రోజుల్లో రాజమండ్రి జిల్లాలో టేలర్ అని ఒక సబ్ కలెక్టరు ఉండేవాడు. ఆయన ప్రోత్సాహంతో నరసాపురం, పాలకొల్లు, ఆచంట, పెనుగొండ వైపు బళ్ళు లేచాయి. ఊళ్ళవాళ్ళు ఒప్పుకున్న పద్ధతి ఏమిటంటే, కట్టే శిస్తు మీద కొంత శాతం బడికని అదనంగా కడతాం, శిస్తుతో పాటే వసూలు చేసి పంతులు జీతం ఇవ్వండి అని. ఆ ఏడాదులకి అది చిన్న విషయం కాదు. సర్కారు మిగిలితే ఇస్తానంటున్న కాలంలో రైతు ముందుగానే తీసి పక్కన పెడతానన్నాడు.

అది చూసి మద్రాసు సర్కారుకి ప్రాణం లేచొచ్చింది. 1863లో మద్రాసు విద్యా చట్టం చేసి ఊళ్ళవాళ్ళు కోరుకుంటే బడి రేటు వేసుకోవచ్చని దానికి చట్టబద్ధత ఇచ్చారు. వినడానికి బాగుంది. కానీ ఇక్కడే నాకు అనుమానం. ఒప్పుకున్నది ఊరి పెద్దలు, కట్టాల్సింది ఊరంతా. శిస్తు వసూలుకి మునసబు, కరణం దస్త్రం పట్టుకుని గుమ్మంలో నిలబడితే "ఇందులో బడి పైసలు ఎన్ని, అవి నా ఇష్టం మీదేనా" అని అడిగే రైతు ఎవడు? తన పిల్లాడు ఆ బడి గడప తొక్కకపోయినా కట్టాల్సిందే. ఇష్టంగా మొదలైంది కిస్తులో కలిసిపోయాక ఇక ఇష్టం ప్రసక్తే లేదు. తాతగారు గర్వంగా చెప్పి ఉంటారు, గర్వపడాల్సిందే, అయితే కథలో ఈ రెండో సగం కూడా ఉంది.

ఆ తర్వాత వచ్చింది అసలు దెబ్బ. 1870 డిసెంబరులో వైస్రాయ్ మేయో ఒక తీర్మానం చేశాడు. జైళ్ళు, రిజిస్ట్రేషను, పోలీసు, విద్య, వైద్యం, ప్రింటింగు, రోడ్లు, సివిల్ భవనాలు, ఇవన్నీ ఇకనుంచి రాష్ట్రాలే చూసుకోవాలి, కలకత్తా ఏటా ఒక స్థిరమైన మొత్తం ఇస్తుంది, చాలకపోతే స్థానికంగా పన్నులు వేసుకోండి అని. దీన్ని వికేంద్రీకరణ అని పరీక్షల్లో రాయిస్తారు. నిజమే, రాష్ట్రాలకి కొంచెం ఊపిరాడింది. కానీ ఇచ్చిన మొత్తం అంతకుముందు ఈ శాఖల మీద పెడుతున్న ఖర్చుకన్నా తక్కువ. వెంటనే మరుసటి ఏడాది, 1871లో, మద్రాసు స్థానిక నిధుల చట్టం వచ్చింది, రూపాయికి అణా దాకా భూమి సెస్సు. చూశారుగా, కలకత్తా ఒక చేత్తో వదిలించుకున్న ఖర్చుని మద్రాసు పట్టుకుని ఇంకో చేత్తో రైతు మీదికి జార్చింది. 1882లో చదువుల సంగతి చూడ్డానికి వేసిన హంటర్ కమిషన్ వచ్చి ప్రాథమిక విద్య స్థానిక బోర్డుల బాధ్యత అంది, 1884 చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు వచ్చాయి. పని మెట్టు మెట్టుగా కిందికి దిగింది. డబ్బు మాత్రం అంత తొందరగా మెట్లు దిగలేదు.

ప్రశ్న: 'పద్దు' అంటే ఏమిటి? అసెంబ్లీ వార్తల్లో వింటాను గానీ ఎవర్నీ అడగలేదు, నవ్వుతారని. (గృహిణి, నెల్లూరు)

నవ్వడానికేముందమ్మా, మీరు ఇంట్లో పాల లెక్క, కిరాణా లెక్క విడివిడిగా రాస్తారా? ఒక్కొక్కటీ ఒక్కో పద్దు. సర్కారులో విద్య ఒక పద్దు, పోలీసు ఒక పద్దు. ఒక పద్దు డబ్బు ఇంకో పద్దులోకి మార్చాలంటే శాసనసభ ఒప్పుకోవాలి. మీ ఇంట్లో ఆ శాసనసభ మీరే కాబట్టి గొడవ లేదు.

ప్రశ్న: మా ముత్తాత వీధి బడి నడిపేవారట. ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే రెండ్రోజులు అన్నం సహించేది కాదని ఇంట్లో చెప్పుకుంటారు. సొంత బడికి సర్కారు ఇన్‌స్పెక్టరంటే భయమెందుకు? (స్కూల్ అసిస్టెంటు, ఒంగోలు)

ఎందుకంటే ఆయన ఏడాది సంపాదన ఆ ఒక్క పూటలో తేలేది. 1854లో చదువుల మీద లండన్ నుంచి వచ్చిన ఆదేశం, వుడ్ డెస్పాచ్‌తో గ్రాంట్ ఇన్ ఎయిడ్ పద్ధతి వచ్చింది, ప్రైవేటు బడికి సర్కారు కొంత ఇస్తుంది. 1860ల నుంచి మద్రాసులో దానికి ఇంకో షరతు తోడైంది, రిజల్ట్ గ్రాంటు. పంతులికి జీతం కాదు, పరీక్ష పాసైన పిల్లాడికి ఇంతని. చదవడానికింత, రాయడానికింత, లెక్కలకింత.

మీ ముత్తాతగారి అరుగు మీద ఒక్కసారి కూర్చోండి. ఇన్‌స్పెక్టరు దొరగారి డిప్యూటీ వచ్చాడు, కుర్చీ వేశారు, హాజరు పట్టీ తీసి చూశాడు. బాగా చదివే కుర్రాడు ఆ రోజే జ్వరంతో పడుకున్నాడు, వాడి గ్రాంటు పోయింది. ఇంకొకడు ఇంట్లో గడగడా అప్పజెప్పేవాడు దొర టోపీ చూసి నోరు మెదపలేదు, వాడిదీ పోయింది. మూడోవాడి తండ్రి కోతలకి తీసుకుపోయాడు, హాజరు చాలలేదు. తప్పు ఎవరిదైనా కోత పంతులికే. అన్నం ఎలా సహిస్తుంది? దీనివల్ల బళ్ళలో జరిగిందేమిటంటే, పాసయ్యే పిల్లల్ని పట్టుకుని బట్టీ పట్టించడం, మొద్దబ్బాయిని వెనక్కి నెట్టడం. పేదింటి పిల్లలు, మానేసి మానేసి వచ్చేవాళ్ళు, ఇలాంటివాళ్ళు పంతులికి నష్టం తెచ్చే సరుకయ్యారు. సర్కారు వైపు నుంచి చూస్తే మాత్రం భలే పొదుపు. వైస్రాయ్ కర్జన్ సర్కారు 1904లో విద్యా తీర్మానం చేస్తూ ఈ పద్ధతిని తప్పుపట్టింది. ఆపాటికి నలభయ్యేళ్ళు గడిచిపోయాయి.

ప్రశ్న: కౌన్సిల్లో మన నాయకులున్నారు కదా, వాళ్ళేం చేశారు? తెల్లవాళ్ళని తిట్టడం తేలికండీ. (పేరు రాయలేదు, విశాఖపట్నం)

ఏం చెయ్యగలరో ముందు చూద్దాం. 1892 దాకా కొత్త పన్ను బిల్లు వస్తే తప్ప బడ్జెట్ మీద నోరు విప్పే వీలే లేదు. 1892 కౌన్సిళ్ళ చట్టంతో మాట్లాడొచ్చు, ఓటు లేదు. 1909 చట్టంతో తీర్మానం పెట్టొచ్చు, అదీ సిఫార్సే.

ఆ ఇరుకులోనే కలకత్తా కౌన్సిల్లో కాంగ్రెస్ నాయకుడు గోఖలే చేసింది చూడండి. 1902లో ఏడు కోట్ల మిగులు చూపించి సర్కారు మురిసిపోతుంటే, కరువులతో జనం చస్తుంటే మిగులేమిటి, పన్నులు అవసరానికి మించి గుంజుతున్నారని దానర్థం అని అంకెలతోనే ఉతికాడు. 1911లో ప్రాథమిక విద్య బిల్లు తెచ్చాడు. అదీ ఎంత జాగ్రత్తగా తెచ్చాడంటే, అప్పటికే కొంత శాతం పిల్లలు బడికొస్తున్న చోటే, స్థానిక బోర్డు తనంత తాను కోరుకుంటేనే, ఆరు నుంచి పదేళ్ళ మగపిల్లలకి నిర్బంధ విద్య. అంతే. బరోడా సంస్థానంలో శాయాజీరావు గాయక్వాడ్ 1906కే రాజ్యమంతటా నిర్బంధ విద్య పెట్టాడు, ఒక సంస్థానాధీశుడు చేసింది సామ్రాజ్యం చెయ్యలేదా అని అడిగాడు. 1912 మార్చిలో ఓటుకి పెడితే అనుకూలం 13, వ్యతిరేకం 38. వ్యతిరేకంగా వేసినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు, భూస్వాములు. మీ ప్రశ్నకి ఆ మేరకు నేను తలొంచుతాను.

ప్రశ్న: 1920 తర్వాత మద్రాసులో జస్టిస్ పార్టీ మంత్రులొచ్చారు, విద్యాశాఖ మన చేతికే వచ్చింది. మంత్రివర్గం నడిపిన పానగల్ రాజా తెలుగువాడే. మరి అప్పుడైనా బళ్ళకి డబ్బు ఎందుకు రాలేదు? (రిటైర్డ్ లెక్చరర్, తిరుపతి)

మాస్టారూ, అన్నిట్లోకీ మంచి ప్రశ్న మీదే. శాఖలు వచ్చాయి, తాళంచెవి రాలేదు. అదండీ ద్వంద్వ పాలన.

1919 చట్టం శాఖల్ని రెండు కుప్పలు చేసింది. విద్య, స్థానిక స్వపరిపాలన, ప్రజారోగ్యం, వ్యవసాయం, ఆబ్కారీ (కల్లు, సారా పన్ను) లాంటివి మంత్రులకి. భూమిశిస్తు, పోలీసు, నీటిపారుదల, అన్నిటికన్నా ముఖ్యంగా ఆర్థికం గవర్నరు కౌన్సిల్ చేతిలో. విద్యామంత్రి కొత్త బడి అడగాలంటే తన మనిషి కాని ఆర్థిక సభ్యుడి గుమ్మం ముందు నిలబడాలి. పోలీసు పద్దులో శాసనసభ కోత పెడితే గవర్నరు సర్టిఫై చేసి తిరిగి వేసుకోవచ్చు. బడి పద్దులో కోత పడితే అలా వెనకేసుకొచ్చే దిక్కు లేదు. ఆ రోజుల్లో అభివృద్ధి మంత్రిగా చేసిన కూర్మా వెంకటరెడ్డి నాయుడు తర్వాత తన ఉద్యోగం గురించి తానే వేళాకోళం చేసుకున్నాడు: అడవులు లేని అభివృద్ధి మంత్రిని, నీటిపారుదల లేని వ్యవసాయ మంత్రిని, ఫ్యాక్టరీలూ కరెంటూ లేని పరిశ్రమల మంత్రిని అని. నవ్వొస్తుంది, చాలాసేపు మాత్రం నవ్వలేం.

ఇది చాలదన్నట్టు మెస్టన్ అవార్డు. కొత్త పంపకంలో కేంద్రానికి లోటు వస్తుందని రాష్ట్రాలు ఏటా కొంత కట్టాలన్నారు. మొత్తం 983 లక్షలు. అందులో మద్రాసు వాటా 348 లక్షలు! బెంగాల్‌కి 63, బొంబాయికి 56. కొత్త ఏర్పాటులో భూమిశిస్తు రాష్ట్రాలకి వచ్చింది, మద్రాసుకి శిస్తు ఎక్కువ కాబట్టి లాభపడ్డది మీరే, కట్టండి అని వాళ్ళ లెక్క. లెక్కగా చూస్తే తర్కం ఉంది. కానీ ఆ శిస్తు ఎక్కువ ఉండడమేమిటి, మన రైతు దశాబ్దాలుగా ఎక్కువ కట్టడమే కదా! ఎక్కువ కట్టినవాడికే మళ్ళీ ఎక్కువ వడ్డింపు. పానగల్ రాజా మంత్రివర్గం ఉన్న రోజులన్నీ దాదాపు ఈ బరువు కిందే గడిచాయి. 1927-28లో వసూలు ఆపారు, ఆ మరుసటి ఏడు పూర్తిగా ఎత్తేశారు, అప్పటికి ఆయన మంత్రివర్గం దిగిపోయింది.

స్కూళ్ళ దాకా వస్తే, 1920 మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం ఉంది. స్థానిక బోర్డు విద్యా సెస్సు వేసుకుంటే సర్కారు దానికి సరిసమానంగా ఇస్తుంది. న్యాయంగానే కనిపిస్తుంది, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. తర్వాత ఒకరోజు కాగితం మీద వేసి చూశాను. నీటి పారకం ఉన్న తాలూకా సెస్సు ఎక్కువ రాలుస్తుంది, దానికి సర్కారు అంతే కలుపుతుంది. మెట్ట తాలూకాలో, కరువు సీమలో, సెస్సు రాలేది చారెడు, కలిపేదీ చారెడే. ఉన్నవాడికి రెట్టింపు, లేనివాడికి కూడా రెట్టింపే, కానీ చారెడుకి రెట్టింపు ఎంతండీ? కోస్తా బళ్ళకీ సీమ బళ్ళకీ తేడా ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ చట్టం తీసి చూడమంటాను.

ప్రశ్న: కల్లు, సారా డబ్బుతో బళ్ళు నడిచాయంటారు. ఇది పుకారా? (అంగన్‌వాడీ కార్యకర్త, కడప)

పుకారు కాదు తల్లీ. ఆబ్కారీ మంత్రుల శాఖల్లో ఉందని పైన రాశాను చూశారా, మంత్రుల చేతికి వచ్చిన పెద్ద రాబడి అదొక్కటే. మద్రాసులో భూమిశిస్తు తర్వాత పెద్ద మొత్తం దానిదే. అంటే తాగేవాడు మానేస్తే బడి పద్దుకి చిల్లు. తాగుడు మానమని చెప్పేదీ మంత్రిగారే, తాగితేనే పంతులికి జీతం ఇవ్వగలిగేదీ మంత్రిగారే. ఈ లంకెని చూసి గాంధీ మన పిల్లల చదువుకి సారా డబ్బు తప్ప దిక్కు లేకుండా చెయ్యడం కన్నా క్రూరమైన వెక్కిరింత ఉండదని బాధపడ్డాడు. చేతిపని ద్వారా బడి తన ఖర్చు తానే కొంత రాబట్టుకోవాలన్న ఆయన వార్ధా ఆలోచన వెనక ఈ చిక్కు కూడా ఉంది.

మీరు కడప నుంచి రాశారు కాబట్టి మీ ఊరికి సంబంధించిన ముక్క చెబుతాను. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చింది, అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టారు. సరిగ్గా ఏడాదికి, 1938 అక్టోబరు 1న, చిత్తూరు, కడప జిల్లాలకి తెచ్చారు. దుకాణాలు మూసేశారు సరే, ఆ రాబడి మాటేమిటి? దాన్ని పూడ్చడానికే 1939లో మద్రాసు జనరల్ సేల్స్ ట్యాక్స్ చట్టం వచ్చింది, దేశంలో అలాంటిది అదే మొదటిది. వ్యాపారులు గగ్గోలు పెట్టారు. ఆ ఏడాది చివర్లో కాంగ్రెస్ మంత్రులు రాజీనామా చేశారు, యుద్ధం మధ్యలో గవర్నరు పాలన మద్యనిషేధాన్ని ఎత్తేసింది. నిషేధం పోతే దాని కోసం వేసిన పన్ను కూడా పోవాలి కదా? పోలేదు.

ప్రశ్న: ఈ పాత బడ్జెట్లు, జి.ఓ.లు మామూలు మనిషి చూడొచ్చా? మా ఊరి బడి ఎప్పుడు పెట్టారో వెతకాలనుంది. (బ్యాంకు ఉద్యోగి, భీమవరం)

చూడొచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, అనుమతి తీసుకుని కూర్చోవాలి. నేరుగా బడ్జెట్ పుస్తకం పట్టుకుంటే మీ ఊరు దొరకదు, అందులో అన్నీ పెద్ద అంకెలే. విద్యాశాఖ, స్థానిక సంస్థల శాఖల జి.ఓ.ల ఇండెక్సు ఏడాదివారీగా తీసి అందులో తాలూకా పేరు పట్టుకోండి. ఊరి పేరు స్పెల్లింగు ఒక్కో గుమాస్తా ఒక్కోలా రాసి ఉంటాడు, నాలుగైదు రకాలుగా వెతకాలి. ఆ పాత కాగితం ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది, పేజీ తిప్పేటప్పుడు రెండు చేతులూ వాడండి. మీ ఊరి బడి దొరికితే ఆ జి.ఓ. నంబరు, ఏడాది నాకు రాసి పంపండి, వచ్చే నెల ఈ శీర్షికలోనే వేస్తాను.